రెక్కకు గాలి తగిలే కోణం – పైలట్‌కు చూపాలా, వద్దా?



వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా రాసి ఇవ్వమని వార్డెన్ గారు అడిగినప్పుడు మొదట కంప్యూటర్ల గురించి రాద్దామనుకున్నాను. నేను చేసే ఉద్యోగం అదే కదా. కానీ విహారయాత్రకు వెళ్ళి వస్తూ శంషాబాద్ దగ్గర ఔటర్ రింగు రోడ్డు మీద మన బస్సు ఆగినప్పుడు తొమ్మిదో తరగతి తమ్ముడొకడు అడిగిన ప్రశ్న నన్ను వదలలేదు. మన నెత్తి మీదుగా ఒక విమానం దిగుతోంది. "అన్నా, అది కిందికి దిగుతుంది గదా, మరి ముక్కు పైకెందుకు పెట్టింది?" అన్నాడు. అప్పటికేదో చెప్పి తప్పించుకున్నాను. అసలు జవాబు ఇదిగో. కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. పదో తరగతి వాళ్ళకు మధ్యలో ఒక త్రికోణమితి లెక్క కూడా ఉంది.

గాలి కోణం అంటే ఏమిటి?

ముక్కు ఎటు చూస్తోంది అన్నది ఒక సంగతి. విమానం నిజంగా ఎటు పోతోంది అన్నది ఇంకో సంగతి. మన లింగంపల్లి స్టేషనులో ఎంఎంటీఎస్ రైలుకు ఈ రెండూ ఎప్పుడూ ఒకటే. పట్టాలు ఎటుంటే అటే చూస్తుంది, అటే పోతుంది. గాలిలో పట్టాలు లేవు. విమానం ముక్కు పైకెత్తి కిందికి జారగలదు.

రెక్క ముందు అంచు నుంచి వెనుక అంచుకు ఒక గీత ఊహించండి. ఎదురు నుంచి వచ్చే గాలి దిశకు ఇంకో గీత ఊహించండి. ఈ రెండు గీతల మధ్య ఉన్నదే యాంగిల్ ఆఫ్ అటాక్. ఈ వ్యాసంలో దాన్ని గాలి కోణం అని పిలుస్తాను. మీ పాఠ్యపుస్తకంలో ఈ మాట దొరకదు, నా సౌకర్యం కోసం పెట్టుకున్నాను. ఆ రోజు మనం చూసిన విమానం సుమారు 3 డిగ్రీల వాలులో దిగుతూ, ముక్కును సుమారు 3 డిగ్రీలు పైకి పెట్టి ఉంటుంది. అప్పుడు దానికి గాలి తగిలే కోణం 3 కలిపితే 3, అంటే 6 డిగ్రీలు. (రెక్కను విమానం శరీరానికి బిగించేటప్పుడు ఇచ్చే చిన్న వాలును పక్కన పెట్టాను.) దిగేటప్పుడు వేగం తక్కువ కాబట్టి బరువు మోయడానికి ఆ మాత్రం కోణం కావాలి. తమ్ముడి ప్రశ్నకు సమాధానం ఇంతే. కానీ కథ ఇక్కడే మొదలవుతుంది.

పతంగి ఎగరేసిన వాళ్ళకు కోణం విలువ ఎవరూ చెప్పక్కరలేదు. ముందు కట్టే దారం కాస్త పైకో కిందికో జరిగితే అదే పతంగి, అదే గాలి, కానీ లేవదు. రెక్కకూ అంతే. కోణం పెరిగేకొద్దీ పైకి లేపే బలం పెరుగుతుంది, కానీ ఒక హద్దు వరకే. మామూలు రెక్కలకు ఆ హద్దు సుమారు 15 డిగ్రీల దగ్గర ఉంటుంది. అది దాటితే రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకుని పారే గాలి విడిపోయి సుడులు తిరుగుతుంది. లేపే బలం తగ్గిపోతుంది. దీన్నే స్టాల్ అంటారు. మోటారు సైకిల్ స్టాల్ అయిందంటే ఇంజను ఆగిందని అర్థం. విమానం స్టాల్ అంటే అది కాదు. ఇంజన్లు హోరుమంటూనే ఉండవచ్చు, విమానం మాత్రం రాయిలా పడుతుంది. బయటపడాలంటే ముందు ముక్కు దించి కోణం తగ్గించాలి. కింద పడుతున్నవాడిని ఇంకా ముక్కు దించమనడం మనసుకు ఎంత కష్టమో ఆలోచించండి.

వేగం ఎందుకు చాలదు?

ప్రయాణికుల విమానాల పైలట్లు స్టాల్ నుంచి దూరంగా ఉండడానికి ప్రధానంగా చూసేది వేగం. ఇంత వేగానికి తగ్గకు అని పుస్తకంలో ఉంటుంది. చిక్కేమిటంటే ఆ "ఇంత" మారుతూ ఉంటుంది. ఒక ఊహాలెక్క చేద్దాం. 60 టన్నుల బరువున్న విమానం 110 నాట్ల దగ్గర స్టాల్ అవుతుందనుకోండి. లేపే బలం వేగం వర్గానికి అనులోమానుపాతం. కాబట్టి బరువు 21 శాతం పెరిగి 72.6 టన్నులైతే స్టాల్ వేగం 10 శాతం పెరిగి 121 నాట్లు అవుతుంది. అదే 60 టన్నుల విమానం ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు ఒరిగి మలుపు తిరిగితే రెక్కల మీద బరువు రెట్టింపు పడుతుంది. అప్పుడు 110ని రెండు వర్గమూలంతో గుణించాలి, 155 నాట్లకు పైన. మూడు సందర్భాల్లో మూడు వేగాలు వచ్చాయి. కానీ రెక్క ఓడిపోయే కోణం మూడింటిలోనూ ఒకటే.

మన దేశంలోనే జరిగిన ఒక దుర్ఘటన చెబుతాను. 2000 జూలై 17 ఉదయం అలయన్స్ ఎయిర్ వారి బోయింగ్ 737 కలకత్తా నుంచి పాట్నా వచ్చింది. దిగాల్సిన దారి కంటే ఎక్కువ ఎత్తులో ఉండడం వల్ల ఒక చుట్టు తిరిగి వస్తామని పైలట్లు అడిగారు. ఇంజన్లు ఐడిల్‌లో ఉన్నాయి, వేగం తగ్గింది, ముక్కు పైకి ఉంది, ఆ స్థితిలో విమానాన్ని అటూ ఇటూ గబగబా ఒరిగించారు. చేతిలోని కంట్రోల్ కాలమ్ గడగడ వణికింది. స్టాల్ వస్తోందని చెప్పే హెచ్చరిక అది. అప్పుడు స్టాల్ నుంచి తప్పించుకునే పద్ధతి కాకుండా, దిగడం మానేసి పైకి పోయే పద్ధతి మొదలుపెట్టారని విచారణలో తేలింది. విమానం నిజంగానే స్టాల్ అయి ఇళ్ళ మీద పడింది. నేల మీద ఉన్నవాళ్ళతో కలిపి 60 మంది చనిపోయారు. ఎత్తు అంత తక్కువగా ఉన్నప్పుడు ఏ మీటరైనా వాళ్ళను కాపాడేదని నేను అనను. వణుకు "ప్రమాదం" అని చెబుతుంది. ఎంత దగ్గరగా వచ్చాం, తగ్గుతోందా పెరుగుతోందా అన్నది మాత్రం చెప్పదు.

కొలుస్తారు, కానీ చూపించరు

ఈ కోణాన్ని కొలవడం కష్టమనుకునేరు. రైట్ సోదరులు గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకోవడానికి విమానం ముందు ఒక దారం ముక్క కట్టుకున్నారు. నేటి విమానాల్లో ముక్కుకు అటూ ఇటూ చిన్న రెక్కలాంటి బిళ్ళ ఉంటుంది, దాన్ని వేన్ అంటారు. గాలి కోడిలా అది గాలికి తిరుగుతుంది. తిరిగిన కోణం కంప్యూటరుకు పోతుంది. బోయింగ్ 737కు రెండు వేన్‌లు, ఎయిర్‌బస్ ఎ320కి మూడు. వణుకుడు హెచ్చరిక ఆధారపడేది దీని మీదే.

అంటే విమానానికి ఈ సంగతి తెలుసు. పైలట్‌కు మాత్రం చాలా విమానాల్లో అంకె రూపంలో కనిపించదు. నౌకల మీద దిగే యుద్ధవిమానాల పైలట్లు దీన్ని చూసుకుంటూనే దిగుతారు. కాంకార్డ్‌లో ఉండేది. రష్యా వారి టుపోలెవ్-154లో గుండ్రటి మీటరు ఉండేది. మన హైదరాబాదు వాళ్ళు కొందరు ఆ విమానం ఎక్కారు కూడా. పైలట్ల సమ్మె రోజుల్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉజ్బెకిస్తాన్ నుంచి టుపోలెవ్ అద్దెకు తెచ్చింది. 1993 జనవరి 9న బేగంపేట నుంచి బయలుదేరిన ఆ విమానం ఢిల్లీలో దిగుతూ తలకిందులై కాలిపోయింది. అందులోని 165 మందీ బతకడం ఇప్పటికీ ఆశ్చర్యమే. ఆ ప్రమాదానికీ ఈ మీటరుకూ సంబంధం లేదు. మీటరున్న విమానం మన బేగంపేట నుంచే ఎగిరిందని చెప్పడానికి రాశాను.

లెక్క చేసి చూడండి

2009 జూన్ 1న ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానం రియో నుంచి పారిస్‌కు వెళ్తూ అట్లాంటిక్ మీద తుఫాను మేఘాల్లో చిక్కుకుంది. వేగం కొలిచే పిటో గొట్టాల్లో మంచు పట్టి వేగం తప్పుగా చూపించింది. ఆటోపైలట్ తప్పుకుంది. విమానం నడుపుతున్న పైలట్ కర్రను వెనక్కి లాగాడు. స్టాల్ హెచ్చరిక ఒక దశలో ఆగకుండా 54 సెకన్లు మోగింది. సుమారు 38,000 అడుగుల నుంచి మూడున్నర నిమిషాల్లో సముద్రంలో పడింది. 228 మంది పోయారు.

సముద్రం అడుగు నుంచి తీసిన రికార్డర్‌లో చివరి అంకెలు ఇవి. ముక్కు 16.2 డిగ్రీలు పైకి. కిందికి పడే వేగం నిమిషానికి 10,912 అడుగులు. ముందుకు పోయే వేగం 107 నాట్లు. ఒక నాటు అంటే నిమిషానికి సుమారు 101.3 అడుగులు. కాబట్టి ముందుకు పోతున్నది నిమిషానికి సుమారు 10,840 అడుగులు. ఎదుటి భుజం 10,912, ఆసన్న భుజం 10,840. టాన్ విలువ దాదాపు 1. టాన్ విలువ 1 అయ్యే కోణం మీకు కంఠతా వచ్చు, 45 డిగ్రీలు. విమానం 45 డిగ్రీల వాలులో పడుతోంది, ముక్కు 16 డిగ్రీలు పైకి ఉంది. గాలి వీచే వేగాన్ని వదిలేస్తే గాలి కోణం సుమారు 61 డిగ్రీలు!

మనం కాగితం మీద చేశాం కాబట్టి తేలికగా ఉంది. ఆ పైలట్ల ముందు ముక్కు ఎత్తు వేరే చోట, పడే వేగం వేరే చోట ఉన్నాయి. చీకటి, కుదుపులు, రకరకాల హెచ్చరికలు. వేగం మీద నమ్మకం పోయింది. వాళ్ళకు అవసరమైన ఒక్క అంకెను బుర్రలో కట్టుకోవాల్సి వచ్చింది. ఇంకో దారుణం వినండి. వేగం మరీ తగ్గినప్పుడు కంప్యూటరు కోణం లెక్కను చెల్లనిదిగా భావించి హెచ్చరికను ఆపేసింది. ముక్కు కాస్త దించగానే లెక్క మళ్ళీ చెల్లుబాటై హెచ్చరిక మోగింది. సరైన పని చేస్తే కేకలు, తప్పు చేస్తే నిశ్శబ్దం. గాలి కోణాన్ని పైలట్లకు నేరుగా చూపడం తప్పనిసరి చేయాలేమో పరిశీలించమని ఫ్రాన్స్ దర్యాప్తు సంస్థ 2012 నివేదికలో సిఫారసు చేసింది. ఇలాంటి మాటే అంతకు ముందు అమెరికా దర్యాప్తు సంస్థ కూడా అంది, 1995లో కొలంబియాలోని కాలి దగ్గర అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం కొండను గుద్దుకున్న తర్వాత.

మా హాస్టల్ ఇటుక

ఇక్కడ కొంచెం సొంత కథ. నేను చదువుకున్న హాస్టల్ వేరే జిల్లాలో ఉంది. డాబా మీద నీళ్ళ ట్యాంకు. లోపల ఖాళీ నూనె డబ్బా తేలుతూ ఉండేది. దానికి తాడు కట్టి, కప్పీ మీదుగా బయటికి తెచ్చి, చివర ఇటుక వేలాడదీశారు. నీళ్ళు నిండితే డబ్బా పైకి, ఇటుక కిందికి. గోడ మీద సున్నంతో గీతలు. వాచ్‌మన్ తాత కింద నుంచే చూసి మోటారు వేసేవాడు. ఎవరు కట్టారో గానీ ఎంత చక్కని మీటరో! అంతకు ముందు మాకు నీళ్ళు అయిపోయిన తర్వాతే తెలిసేది.

మా పదో తరగతి సోషల్ పరీక్ష ముందు రాత్రి తాడు కప్పీలో ఇరుక్కుంది. ఇటుక కిందనే ఉంది. నిండుగా ఉందనుకుని తాత పడుకున్నాడు. తెల్లవారి చుక్క నీళ్ళు లేవు. ముఖాలు కడగకుండా పరీక్షకు పోయిన బ్యాచ్ మాది. ఆ తర్వాత తాత ఇటుకను చూసేవాడు, నిచ్చెనెక్కి మూత తీసి కూడా చూసేవాడు. ఇటుకను మాత్రం ఎవరూ పీకేయలేదు.

2018 అక్టోబరు 29న ఇండోనేషియాలో లయన్ ఎయిర్ వారి కొత్త బోయింగ్ 737 మ్యాక్స్ సముద్రంలో పడి 189 మంది చనిపోయారు. ఎడమ వేన్ కుడిదాని కంటే 21 డిగ్రీలు ఎక్కువ చూపింది. ఆ విమానంలో ఎంక్యాస్ అనే కొత్త ప్రోగ్రాం ఉంది. కోణం ఎక్కువైందనుకుంటే అది తనంతట తానే ముక్కు దించుతుంది. అది నమ్మింది ఒక్క వేన్‌నే. ఇటుకను చూసి పడుకున్న తాత లాగా. 2019 మార్చి 10న ఇథియోపియాలో అదే రకం విమానం కూలి 157 మంది పోయారు, వారిలో మన తెలుగు అమ్మాయి కూడా ఉంది. అక్కడ ఎడమ వేన్ 74.5 డిగ్రీలు, కుడిది 15.3 డిగ్రీలు చూపాయి. ఆ రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే ఏడో తరగతి పిల్లవాడైనా ఒకటి అబద్ధం చెబుతోందని అంటాడు. విమానం నేలను వదిలిన కొద్దిసేపటికే 74 డిగ్రీల కోణం ఎలా ఉంటుంది?

కానీ ఆ కోణం మీటరు అప్పట్లో అదనపు డబ్బు ఇచ్చి కొనుక్కునే వస్తువు. రెండు వేన్‌లు తేడాగా ఉన్నాయని చెప్పే హెచ్చరిక అన్ని విమానాల్లోనూ పని చేయాలి. సాఫ్ట్‌వేర్ పొరపాటు వల్ల అది మీటరు కొన్నవాళ్ళకే పని చేసింది. బోయింగ్ ఇంజనీర్లు దీన్ని 2017లోనే గుర్తించారు. వెంటనే ప్రమాదం లేదనుకుని తర్వాతి అప్‌డేట్ వరకు ఆగుదామనుకున్నారు.

ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను తమ్ముళ్ళూ. ఎందుకంటే ఆ మాట మా ఆఫీసుల్లో రోజూ వింటాం. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడమే నా పని. ఒకసారి స్క్రీను మీద రావాల్సిన హెచ్చరిక రావడం లేదని రాశాను. తర్వాతి రిలీజులో చూద్దామన్నారు, నేనూ సరేనన్నాను. అక్కడ పోయింది కొంత డబ్బు, కొందరి ఆదివారం, అంతే. కానీ మన శేరిలింగంపల్లి చుట్టుపక్కల ఇప్పుడు బ్యాంకుల పని ఒక్కటే జరగడం లేదు. మాదాపూర్ సైయెంట్‌లో, నానక్‌రామ్‌గూడ హనీవెల్‌లో విమానాలకు సంబంధించిన ఇంజనీరింగ్ పని చేస్తున్న తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఆదిభట్లలో బోయింగ్, టాటా కలిసి విమాన భాగాలు తయారు చేస్తున్నాయి. మీలో ఎవరైనా రేపు అలాంటి స్క్రీను ముందు కూర్చోవచ్చు.

వద్దనేవాళ్ళు ఏమంటారు?

వాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. ఫ్లాపులు దించితే రెక్క ఓడిపోయే కోణం మారుతుంది, బాగా వేగంగా పోయేటప్పుడు ఇంకోలా ఉంటుంది, కాబట్టి ఒట్టి అంకె చూపితే గందరగోళం అంటారు. వేగం చూపే పట్టీ మీదే ఎరుపు, నలుపు గీతలతో హద్దు చూపుతున్నాం, అది చాలదా అంటారు. ఇప్పటికే కాక్‌పిట్‌లో చూడాల్సినవి ఎక్కువయ్యాయి అన్నది మూడో మాట. టుపోలెవ్ ఉదాహరణ వాళ్ళకే పనికొస్తుంది. 2006 ఆగస్టు 22న మీటరున్న పుల్కోవో సంస్థ టుపోలెవ్ ఉరుముల మేఘాల పైకి ఎక్కబోయి స్టాల్ అయి ఉక్రెయిన్‌లో పడింది. 170 మంది చనిపోయారు. మీటరు ముందుంటే సరిపోదు, దాన్ని చూసే అలవాటు కూడా ఉండాలి.

నా అభిప్రాయం అడిగితే, చూపాలి. ఒట్టి అంకె కాదు, హద్దుకు ఎంత దూరంలో ఉన్నామో చెప్పే ముల్లు కావాలి. ఫ్లాపులను బట్టి ఆ హద్దును కంప్యూటరే జరపగలదు. వేగం సరిగా ఉన్నంతకాలం ఎరుపు గీతల పట్టీ చాలు, నిజమే. వేగమే తప్పయినప్పుడు ఆ పట్టీని ఏం నమ్ముతాం? ఏ కొలత ఆధారంగా కంప్యూటరు పైలట్ చేతిలోంచి విమానాన్ని లాక్కుంటుందో, ఆ కొలతను పైలట్‌కు కనపడకుండా ఉంచడం, డబ్బిస్తే చూపిస్తామనడం నాకు అస్సలు మింగుడు పడదు.

మ్యాక్స్ విమానాలను ప్రపంచమంతా ఆపేసి, 2020 నవంబరులో అమెరికా, 2021 ఆగస్టులో మన దేశం మళ్ళీ అనుమతించాయి. ఎంక్యాస్ ఇప్పుడు రెండు వేన్‌లనూ పోల్చి చూస్తుంది. తేడా హెచ్చరిక అందరికీ వస్తుంది. కోణాన్ని ఇంకో దారిలో లెక్కగట్టి సరిచూసే ఏర్పాటు కూడా చేర్చాలని 2022 డిసెంబరులో అమెరికా చట్టం చేసింది. అదే ఏడాది మొదలైన ఆకాశ ఎయిర్ విమానాలన్నీ మ్యాక్స్‌లే, శంషాబాద్‌లో దిగుతుంటాయి.

పోయిన ఆదివారం స్టడీ హాల్లో టేబుల్ ఫ్యాను ముందు మనం చేసిన ప్రయోగం సంగతి రాసి ముగిస్తాను. పాత పరీక్ష అట్టను కొంచెం వంచి, పైన కుట్టు దారం ముక్కలు అంటించాం. జామెట్రీ బాక్సులోని కోణమానిని పక్కన పెట్టాం. అట్ట ఎత్తుతూ పోతే మొదట దారాలన్నీ వెనక్కి బుద్ధిగా పడుకున్నాయి. ఒక కోణం దాటగానే లేచి ఎగిరాయి, కొన్ని ముందుకు తిరిగాయి. ఒకసారి 14 వచ్చింది, ఇంకోసారి 18. ఫ్యాను గాలి తిన్నగా రాదు, సుడి తిరుగుతూ వస్తుంది కాబట్టి ఆ తేడా. మూడోసారి ఎడమ దారాలన్నీ ఎగురుతుంటే కుడి చివర దారం ఒక్కటి కదలలేదు. ఎనిమిదో తరగతి తమ్ముడు దగ్గరికి వెళ్ళి చూసి, "అన్నా, దీనికి గమ్ము అంటింది" అన్నాడు.